ఆరేళ్ల ఫార్మ్‌డీకి చదువు ప్లాన్ – మూడో పాఠం: బీపీ గొలుసు

పోయిన పాఠంలో మీకొక పని చెప్పాను. సిలబస్ ముందు పెట్టుకుని, ఏ సంవత్సరంలో వారానికి ఎన్ని గంటల క్లాసులున్నాయో కూడి రాయమన్నాను. ముందు ఆ లెక్క సరిచూసుకుందాం.

ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సుకు ఫార్మసీ కౌన్సిల్ 2008లో ఇచ్చిన పట్టిక ప్రకారం మొదటి సంవత్సరం థియరీ 16, ప్రాక్టికల్స్ 18, ట్యుటోరియల్స్ 6, మొత్తం 40 గంటలు. బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు రెమెడియల్ బయాలజీకి బదులు మ్యాథమెటిక్స్ ఉంటుంది. దానికి ల్యాబ్ లేదు కాబట్టి వాళ్లకు 37. రెండో సంవత్సరం 32, మూడో సంవత్సరం 36, నాలుగో సంవత్సరం 33. ఐదో సంవత్సరం మళ్లీ 32 గానీ, అందులో 20 గంటలు ప్రాజెక్టువే.

ఈ అంకెలు చూడగానే సెకండియర్‌లో కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ విడదీసి చూడండి. తగ్గింది ల్యాబులు, 18 గంటల నుంచి 9కి. థియరీ 16 నుంచి 17కి పెరిగింది. నిలబడి చేసే పని తగ్గి, కూర్చుని చదవాల్సింది పెరిగిందన్నమాట. పైగా ఫస్టియర్‌లో ఇనార్గానిక్ కెమిస్ట్రీకి, అనాటమీకి పెద్దగా చుట్టరికం లేదు, దేన్ని దానిగా చదివినా గడిచిపోతుంది. సెకండియర్‌లో అలా కుదరదు. పాథోఫిజియాలజీ (జబ్బు ఎలా వస్తుంది), ఫార్మకాలజీ-1 (మందు ఎలా పనిచేస్తుంది), ఫార్మకోథెరప్యూటిక్స్-1 (ఏ జబ్బుకు ఏ మందు ఇవ్వాలి) మూడూ అవే జబ్బుల గురించి మూడు వైపుల నుంచి మాట్లాడతాయి. ఎవరి క్లాసు వాళ్లది, ఎవరి వేగం వాళ్లది. ఈ మూడింటినీ ముడివేసే పని టైంటేబుల్ చేయదు, మీరే చేయాలి. ఈరోజు బీపీని ఉదాహరణగా తీసుకుని నేర్చుకునేది ఆ ముడి వేయడమే. ఇలా ముడివేసిన వరసనే గొలుసు అంటున్నాను.

ఎందుకు వేయాలి

ఐదో సంవత్సరంలో క్లర్క్‌షిప్ ఉంటుంది. రోజూ వార్డ్ రౌండ్స్‌కు వెళ్లాలి. నేను వెళ్లిన ఆసుపత్రిలో ఒక పెద్దాయన బీపీకి ఎనలాప్రిల్ వాడుతున్నారు. పొడి దగ్గు, రాత్రిళ్లు నిద్ర లేదు. కేస్ షీట్‌లో అప్పటికే రెండు రకాల దగ్గు సిరప్‌లు రాసి ఉన్నాయి. రౌండ్స్‌లో సీనియర్ డాక్టరు గారు నన్ను చూసి, "ఈయన దగ్గుకు కారణం ఏమై ఉంటుందమ్మా?" అని అడిగారు. నేను ఊపిరితిత్తుల గురించి ఏదో చెప్పాను. ఆయన మందుల చార్టు నా చేతికిచ్చి ముందుకు వెళ్లిపోయారు.

ఎనలాప్రిల్ ఆపే ఎంజైము ఒంట్లో తయారయ్యే బ్రాడీకైనిన్ అనే రసాయనాన్ని కూడా విరగ్గొడుతుంది. ఎంజైము ఆగితే బ్రాడీకైనిన్ పేరుకుని పొడి దగ్గు వస్తుంది. ఇది నాకు తెలియని విషయం కాదు. సెకండియర్ పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను, మంచి మార్కులే వచ్చాయి. కానీ అది నా బుర్రలో ఫార్మకాలజీ అనే డబ్బాలో ఉండిపోయింది. మంచం మీద దగ్గుతున్న మనిషిని చూసినప్పుడు ఆ డబ్బా తెరుచుకోలేదు. ఆ రోజు ఇంటికొచ్చి పాత నోట్సులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఒకే బీపీ గురించి నాలుగు పుస్తకాల్లో నాలుగు చోట్ల రాసుకున్నాను. ఒక్క చోట కూడా ఒకదాన్నుంచి ఇంకోదానికి గీత లేదు.

కాగితం గీయడం

ఒక లాంగ్ నోట్‌బుక్ మధ్య పేజీ తెరిచి అడ్డంగా తిప్పండి. ఐదు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో "ఒంట్లో మామూలుగా ఏం జరుగుతుంది", రెండో దాంట్లో "ఎక్కడ తప్పింది", మూడో దాంట్లో "మందు ఎక్కడ పట్టుకుంటుంది", నాలుగో దాంట్లో "ఏ మనిషికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు", ఐదో దాంట్లో "వార్డులో ఏం చూడాలి" అని పైన రాయండి. సబ్జెక్టు పేర్లు రాయకండి. రాస్తే మళ్లీ డబ్బాలే అవుతాయి.

ఇప్పుడు బీపీ తీసుకుందాం. మొదటి గడికి ఫస్టియర్ హెచ్.ఎ.పి. (హ్యూమన్ అనాటమీ అండ్ ఫిజియాలజీ) నోట్స్ కావాలి. గుండె వేగం, రక్తనాళాల బిగువు, కిడ్నీ పట్టి ఉంచే ఉప్పూ నీళ్లూ, రెనిన్-యాంజియోటెన్సిన్ వ్యవస్థ (రక్తనాళాలను బిగించి బీపీ పెంచే హార్మోన్ల వరస), ఈ నాలుగూ కలిసి బీపీని నిలబెడతాయి. కాబట్టి నాలుగు వరసలు.

గుండె వరస చూడండి. సింపథెటిక్ నరాలు బీటా-1 రిసెప్టర్ల ద్వారా గుండెను పరిగెత్తిస్తాయి. మెటోప్రొలాల్, అటినొలాల్ అక్కడ అడ్డుపడతాయి. ఆస్తమా ఉన్న మనిషైతే జాగ్రత్త. వార్డులో చూడాల్సింది నాడి. రక్తనాళాల వరసలో కాల్షియం లోపలికి వెళ్తేనే నాళం గోడ బిగుస్తుంది, ఆమ్లోడిపిన్ ఆ దారి మూస్తుంది. వార్డులో పాదాల వాపు చూడాలి. ఆ వాపు చూసి ఇంకో మందు చేర్చే ముందు ఆమ్లోడిపిన్ గుర్తుకు రావాలి. రెనిన్ వరసలో ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వస్తాయి. గర్భిణులకు రెండూ ఇవ్వకూడదు. రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే అంకె) చూడాలి. దగ్గు ఉంటే ఎనలాప్రిల్‌ను అనుమానించాలి, టెల్మిసార్టాన్‌తో ఆ ఇబ్బంది చాలా తక్కువ.

ఇక నాలుగో వరస, కిడ్నీ. ఇక్కడ మీ చెయ్యి ఆగుతుంది. ఆగాలి కూడా. బీపీ వైద్యంలో హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి డైయురెటిక్స్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులు) ముందు వరసలో ఉంటాయని థెరప్యూటిక్స్-1లో, అంటే సెకండియర్‌లోనే చదువుతారు. కానీ డైయురెటిక్స్ ఎలా పనిచేస్తాయో చెప్పే చాప్టరు ఫార్మకాలజీ-2లో, అంటే మూడో సంవత్సరంలో ఉంది. సిలబస్‌లోనే గొలుసు ఒక ఏడాది తెగి ఉంది. చాలామంది ఆ ఏడాదంతా "థయజైడ్ ఇస్తారు" అని బట్టీ పట్టి నెట్టుకొస్తారు. అలా చేయకండి. మూడో గడి ఖాళీగా కనిపించిన చోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఈ కాగితం గీయడంలో అన్నిటికంటే విలువైనది ఆ ఎర్ర సున్నాయే. మీరు దేన్ని ముందుకు లాక్కొచ్చి చదవాలో అది చూపిస్తుంది.

ముందుకు లాక్కురావడమంటే మూడో సంవత్సరం పుస్తకం మొత్తం చదవమని కాదు. ఈ సున్నా పూడ్చడానికి నాలుగు పేజీలు చాలు. ఫ్యూరోసెమైడ్ కిడ్నీ నాళికలోని హెన్లీ లూప్ ఎక్కే భాగంలో, థయజైడ్ ఆ తర్వాత వచ్చే డిస్టల్ నాళికలో, స్పైరనోలాక్టోన్ చివర ఆల్డోస్టిరాన్ పనిచేసే చోట పట్టుకుంటాయి. మొదటి రెండూ ఒంట్లో పొటాషియం తగ్గిస్తాయి, మూడోది పెంచుతుంది. అందుకే ఎనలాప్రిల్ వాడే మనిషికి స్పైరనోలాక్టోన్ కూడా రాస్తే పొటాషియం మీద కన్నేసి ఉంచాలి. చూశారా, నాలుగో వరస వెళ్లి మూడో వరసను తాకింది. ఆ రెండింటి మధ్య ఒక బాణం గీయండి. ఇలాంటి బాణాలు మీ అంతట మీరు గీయడం మొదలైతే చదువు పట్టుబడినట్టే.

తేదీలు

కాగితం ఎప్పుడు నింపాలి అన్నది రెండో సంగతి. సెకండియర్ మొదలైన వారంలోనే ముగ్గురు లెక్చరర్లను అడిగి యూనిట్లు ఏ వరసలో చెబుతారో రాసుకోండి. అడగడానికి మొహమాటపడకండి, వాళ్ల దగ్గర టీచింగ్ ప్లాన్ ఉంటుంది. సిలబస్ వరస ప్రకారం వెళ్తే థెరప్యూటిక్స్ గుండె జబ్బులతోనే మొదలవుతుంది, బీపీ తొలి వారాల్లోనే వచ్చేస్తుంది. ఫార్మకాలజీ మాత్రం జనరల్ ఫార్మకాలజీ, ఆ తర్వాత అటానమిక్ నరాల మందులు ముగించుకుని గుండె దగ్గరికి వస్తుంది. అంటే మందు ఏమిటో తెలియకముందే ఏ మందు ఎంచుకోవాలో వింటారు. అర్థం కాకపోతే తప్పు మీది కాదు, వరసది.

దీనికి నేను వాడిన ఉపాయం చాలా చిన్నది. కాగితం మీద ప్రతి వరస చివర రెండు తేదీలు రాయాలి. ఒకటి మొదటిసారి విన్న తేదీ, రెండోది తిరిగి రావాల్సిన తేదీ. బీపీ థెరప్యూటిక్స్ ఈ వారం విన్నారనుకోండి, ఫార్మకాలజీలో ఆ యూనిట్ అయిపోయే వారాన్ని రెండో తేదీగా వేయండి. ఆ రోజు థెరప్యూటిక్స్ నోట్స్ మళ్లీ తెరవండి. మొదటిసారి రాళ్లలా కనిపించిన వాక్యాలు అప్పుడు కరుగుతాయి. ఎర్ర సున్నాలకు మాత్రం సెలవుల తేదీలు వేయండి. దసరాకు విజయవాడ బస్టాండ్‌లో కాలు పెట్టే చోటు ఉండదు, ప్రయాణాలు తగ్గించుకుని రెండు పూటలు దీనికిస్తే బీపీ, గుండె జబ్బుల సున్నాలు పూడతాయి. మిగిలినవి సంక్రాంతికి.

తెనాలి నుంచి రోజూ ప్యాసింజర్‌లో గుంటూరు వచ్చి చదువుకునే అమ్మాయి ఒకరు నన్నడిగింది, "అక్కా, నేను ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది, ఆ పైన రికార్డులు రాయాలి, ఇంకెప్పుడు గీయను?" అని. రోజూ గీయమని నేను చెప్పను. ఆదివారం ఒక గంట చాలు. ఆ వారం విన్న మూడు సబ్జెక్టుల నోట్స్ పక్కపక్కన పెట్టి, ఏ ముక్క ఏ గడిలోకి వెళ్తుందో చూడటమే. రైల్లో చదవడానికి ఆ కాగితం ఫోటో ఫోన్లో పెట్టుకుంటే సరి.

పుస్తకాల గురించి కూడా ఒక మాట. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనుక్కుంటామంటే అనాటమీకీ, ఫిజియాలజీకీ నిశ్చింతగా కొనుక్కోండి. హెన్లీ లూప్ ఎడిషన్‌తో పాటు మారదు. థెరప్యూటిక్స్‌కు మాత్రం పాతది వద్దు. ఏ మందు ముందు ఇవ్వాలన్న మార్గదర్శకాలు మారుతూ ఉంటాయి. కొత్తది కొనే డబ్బు లేకపోతే లైబ్రరీలో కూర్చుని నోట్స్ రాసుకోండి.

ఇంకో గొలుసు, బైపీసీ వాళ్లకు

రెమెడియల్ మ్యాథ్స్ ఎలాగోలా గట్టెక్కితే చాలు, మళ్లీ దాని మొహం చూడక్కర్లేదు అనుకుంటారు. అది నాలుగో సంవత్సరం బయోఫార్మాస్యూటిక్స్ అండ్ ఫార్మకోకైనెటిక్స్‌లో (మందు ఒంట్లోకి ఎంత చేరుతుంది, ఎంత వేగంగా పోతుంది అని లెక్కగట్టే సబ్జెక్టులో) తిరిగొస్తుంది. మధ్యలో రెండేళ్లు దాన్ని ముట్టుకునే పని ఉండదు కాబట్టి లాగరిథమ్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పూర్తిగా ఆవిరవుతాయి. ఫస్టియర్ మ్యాథ్స్ నోట్స్‌లో ఈ రెండూ ఉన్న పేజీలు చించి దాచుకున్నా తప్పు లేదు. మూడో సంవత్సరం వేసవిలో వారం రోజులు వాటికి కేటాయించండి.

ఎంత అవసరమో చిన్న లెక్కలో చూడండి. ఒక మందు ఒంట్లోంచి పోయే రేటు గంటకు 0.1 అనుకుంటే, దాని హాఫ్ లైఫ్ (ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం) కోసం 0.693ను 0.1తో భాగించాలి, అంటే సుమారు 7 గంటలు. అయిదు హాఫ్ లైఫ్‌లు, అంటే 35 గంటలు గడిచేసరికి 97 శాతం పోతుంది. ఇక వార్డులో రోజూ పనికొచ్చేది క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె. 140లోంచి వయసు తీసేసి, కిలోల్లో బరువుతో హెచ్చవేసి, 72తో క్రియాటినిన్‌ను హెచ్చవేయగా వచ్చినదానితో భాగించాలి. ఆడవాళ్లకైతే 0.85తో మళ్లీ హెచ్చవేయాలి. అరవై ఏళ్ల మగమనిషి, బరువు 54 కిలోలు, క్రియాటినిన్ 1.5 అనుకోండి. 80 ఇంటూ 54 అంటే 4,320. 72 ఇంటూ 1.5 అంటే 108. భాగిస్తే నిమిషానికి 40 మిల్లీలీటర్లు. రిపోర్టులో 1.5 అన్న అంకె చూస్తే "కొంచెం ఎక్కువ" అనిపిస్తుంది. 40 అని తేలాక ఆయన మందుల డోసులు ఒక్కొక్కటిగా చూడాల్సి ఉంటుందని అర్థమవుతుంది.

గొలుసులో పడని సబ్జెక్టులు

అన్నిటినీ ముడివేయాలని చూడకండి. ఫార్మకాగ్నసీ (మొక్కల నుంచి వచ్చే మందుల చదువు), జురిస్‌ప్రుడెన్స్ (మందుల చట్టాలు) లాంటివాటిని విడిగా, పరీక్షకు తగ్గట్టుగా చదువుకుంటే చాలు. అలాగని వదిలేయకండి. థియరీలోనూ ప్రాక్టికల్‌లోనూ విడివిడిగా 50 శాతం రావాలి, రెండు కంటే ఎక్కువ సబ్జెక్టులు పోతే పై సంవత్సరానికి పంపరు. థెరప్యూటిక్స్ బాగా చదివి ఫార్మకాగ్నసీ, మైక్రోబయాలజీ, కమ్యూనిటీ ఫార్మసీ పోగొట్టుకున్న మనిషి ఏడాది ఇంట్లో కూర్చోవాల్సి రావచ్చు. హాజరు కూడా ఒక్కో సబ్జెక్టులో 80 శాతం ఉండాలి, మొత్తం మీద సగటు 80 ఉంటే సరిపోదు.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని

ఇదే పద్ధతిలో షుగర్ గొలుసు గీయండి. మొదటి గడికి హెచ్.ఎ.పి.లో పాంక్రియాస్, బయోకెమిస్ట్రీలో కార్బోహైడ్రేట్ మెటబాలిజం రెండూ కావాలి. మూడో గడికి ఫార్మకాలజీ-1లో హార్మోన్ల యూనిట్ చూడండి, అదృష్టవశాత్తూ ఈ గొలుసు అక్కడ తెగలేదు. ఎర్ర సున్నా వచ్చేది ఐదో గడిలో. మెట్‌ఫార్మిన్ వాడే మనిషికి కిడ్నీ రిపోర్టు ఎందుకు చూడాలి, ఏ అంకె కింద ఆ మందు ఆపాలి అన్నది వెతికి రాయండి. పైన చెప్పిన 40 వచ్చిన పెద్దాయనకే షుగర్ కూడా ఉందనుకుని, మీరైతే డాక్టరు గారికి ఏం చెబుతారో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం ఆ రెండు వాక్యాలతోనే మొదలుపెడదాం.