ఋషికుల్య మొగ దగ్గర రక్షిత ప్రాంతానికి హద్దు గీసే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర, హద్దులు ప్రతిపాదించే బృందం, పటం విప్పడానికి ముందే కొన్ని సంగతులు చూసుకోవాలి.

తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక మేట ఏటా ఒకే చోట ఉండదు. మొగ పక్కకు జరిగినప్పుడల్లా అదీ జరుగుతుంది కాబట్టి, ఒక్క ఏడాది సర్వేను నమ్మి శాశ్వతమైన గీత గీయకూడదు.

మొగకు 20 కిలోమీటర్ల లోపల నవంబరు 1 నుంచి మే 31 వరకు ఒడిశా ప్రభుత్వం ఏటా చేపల వేటను నిషేధిస్తోంది. దానికి తోడు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామం ఉంది. కొత్త ఆంక్ష ఏదైనా వీటి మీద పడే అదనపు బరువే గనుక, పొడంపేట, గోఖరకుద వంటి ఊళ్లలో మోటారు పడవకు ఏ నెలలో ఎన్ని రోజుల వేట మిగులుతుందో ముందుగా లెక్క వేయాలి. ఇంజనుతో పెద్ద వల ఈడ్చే ట్రాలరునూ చిన్న తెప్పనూ ఒకే గాటన కట్టవద్దు; నా దృష్టిలో అతి పెద్ద పొరపాటు ఇదే.

ఊరివాళ్లతో పెట్టే సభ ఒడియాలో మాత్రమే జరపవద్దు, ఇక్కడి మత్స్యకారులైన వాడబలిజల ఇళ్లలో మాట తెలుగు. పగలు పదింటికి పిలిస్తే మగవాళ్లు వలలోంచి చేపలు విడదీస్తూ ఉంటారు, ఆడవాళ్లు తట్టలెత్తుకుని సంతకు వెళ్లిపోయి ఉంటారు. చేపలు ఎండబెట్టి అమ్మే స్త్రీల మాట విడిగా వినాలి.

గంగమ్మ గుడి, వలలు ఆరవేసే ఇసుక, తెప్పలు ఒడ్డుకు లాగే దారి పటంలో గుర్తించాలి. వీటికీ తాబేళ్ల గూళ్లకూ మార్కులు వేసి సగటు తీయవద్దు. ఎక్కడ రెండూ ఢీకొంటున్నాయో ఆ చోటును అలాగే చూపించి, ఊరివాళ్ల ఎదుటే తేల్చుకోవాలి.