చిన్నమెదడు సరిగ్గా పనిచేస్తోందా? ఇంట్లోనే గమనించడం ఎలా

గ్యాస్ సిలిండర్ నిండుగా ఉందనుకుని గట్టిగా ఎత్తబోతే, తీరా అది ఖాళీది, చెయ్యి గబుక్కున పైకి లేచిపోతుంది. మీకూ అయ్యే ఉంటుంది. ఎంత బలం పెట్టాలో ముందే అంచనా వేసి, లెక్క తప్పితే వెంటనే సరిదిద్దే పని తల వెనక కిందివైపున్న చిన్నమెదడుది. మెదడు బరువులో అది పదో వంతే, నాడీకణాల్లో మాత్రం సగానికి పైగా అందులోనే ఉంటాయి. అది దెబ్బతింటే పోయేది బలం కాదు, కొలత.

ముందు చేతులు చూడండి. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, చెయ్యి చాపితే అందేంత దూరంలో మీ వేలు పెట్టి, చూపుడువేలితో తన ముక్కు, తర్వాత మీ వేలు ముట్టుకోమనండి. అలా నాలుగైదుసార్లు, మధ్యమధ్యలో మీ వేలు కాస్త పక్కకి జరుపుతూ. తేడా ఉంటే మీ వేలు దగ్గరపడేకొద్దీ వణుకు పెరుగుతుంది, వేలిని దాటిపోయి మళ్లీ వెనక్కి వెతుక్కుంటుంది. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా దీనికి తిరగేసి, చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడే కనిపిస్తుంది. రెండు చేతులూ విడివిడిగా చూడాలి, ఎందుకంటే పెద్దమెదడులా కాకుండా ఇక్కడ ఏ వైపు దెబ్బతింటే ఆ వైపు చెయ్యీ కాలే తేడా చేస్తాయి.

తర్వాత తొడ మీద ఒకసారి అరచేయి, ఒకసారి దాని వెనకవైపు, గబగబా మార్చి మార్చి కొట్టమనండి. తాళం తప్పుతోందా? (కుడిచేతివాటం వాళ్లకి ఎడమచెయ్యి కాస్త నెమ్మదిస్తే టెన్షన్ పడకండి, మామూలే.)

ఇక నడక. టైల్స్ గీత వెంట, ముందు కాలి మడమకి వెనక కాలి వేళ్లు ఆనేలా పది అడుగులు వేయించండి, పట్టుకోవడానికి పక్కనే ఒకరుండాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఇది వదిలేయండి, ఏమీ తేలదు. మందు తాగినవాళ్లు తూలడంలో చిన్నమెదడు పాత్ర చాలా ఉంది. ఏళ్ల తరబడి తాగితే అది కుంచించుకుపోయి, తాగని రోజు కూడా ఆ నడకే మిగిలిపోవచ్చు.

ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ మోతాదు ఎక్కువైనా ఇలాగే ఉంటుంది, కాబట్టి న్యూరాలజిస్టు దగ్గరికి మందుల స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి, సొంతంగా మాత్రం ఏదీ ఆపొద్దు.

ఉన్నట్టుండి తూలడం, వాంతులు, మాట ముద్దగా రావడం మొదలైతే ఈ పరీక్షలేవీ వద్దు. గ్యాస్ అనుకుని మజ్జిగ పట్టించకండి, మింగడం కుదరక పొలమారుతుంది. 108కి ఫోన్ చేయండి. స్ట్రోక్‌లో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు కాబట్టి, మనిషి చివరిసారి బాగున్నది ఎన్నింటికో రాసిపెట్టుకోండి, ఆసుపత్రిలో తప్పకుండా అడుగుతారు.