ఇద్దరి లెక్క – 3వ పాఠం: అప్పు తీరే నెల కనుక్కోవడం

రెండో పాఠం చివర ఒక పని ఇచ్చాను. ఉన్న అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయమన్నాను: ఎవరికి బాకీ, అసలు ఇంకా ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, నెలకు తప్పనిసరిగా కట్టాల్సింది ఎంత. ఆ కాగితం ఇంకా తయారు కాకపోతే ముందు అది రాసి ఈ పాఠానికి రండి. సొంత అంకెలు ఎదురుగా లేకుండా చదివితే పాఠం అర్థమవుతుంది కానీ లెక్క చేతికి రాదు.

ఇవాళ నేర్చుకునేది ఒక్కటే, అప్పు ఏ నెలలో తీరుతుందో లెక్కగట్టడం. జీవితం పంచుకోవాలనుకునే ఇద్దరు మామూలుగా ముందు మంచి విషయాలకు తేదీలు పెట్టుకుంటారు. ఫలానా ఏడాది పెళ్ళి, ఆ తర్వాత రెండేళ్ళకు ఇల్లు, ఆపైన పిల్లలు. అప్పు సంగతి ఎలాగో సర్దుకుంటుందిలే అని పక్కన పెడతారు. ఈ వరస తిరగేయాలని నేను గట్టిగా నమ్ముతాను. అప్పు తీరే నెల ముందు తేలాలి, మిగతా తేదీలు దాన్ని చూసి పెట్టుకోవాలి. అలా చేస్తే కొన్ని కలలు కొన్ని నెలలు వెనక్కి జరుగుతాయి. తేదీ తెలియని అప్పు మాత్రం ప్రతి కలనూ వెనక్కి లాగుతూనే ఉంటుంది.

ముందు వడ్డీలన్నీ ఒకే కొలతలోకి

మీ కాగితంలో ఒక వడ్డీ నెలకు, ఇంకొకటి ఏడాదికి రాసి ఉండవచ్చు. అన్నిటినీ నెలకు మార్చండి. ఏడాదికి 15 శాతం అంటే 12తో భాగిస్తే నెలకు 1.25 శాతం. క్రెడిట్ కార్డు వాళ్ళు నెలకు 3 శాతం అంటే చిన్న అంకెలాగే కనిపిస్తుంది. ఏడాదికి అది 36 శాతం. కట్టకుండా వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ పడి ఏడాదిలో 42 శాతం దాటుతుంది, రెండేళ్ళు తిరక్కుండానే బాకీ రెట్టింపవుతుంది.

ఫ్లాట్ వడ్డీ అని రాసి ఉన్న అప్పు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. లక్ష అప్పు, 10 శాతం ఫ్లాట్, మూడేళ్ళు అనుకుందాం. ఏడాదికి 10 వేల చొప్పున 30 వేలు వడ్డీ వేసి, మొత్తం 1,30,000ని 36 వాయిదాలు చేస్తారు. నెలకు సుమారు 3,611 వస్తుంది. కానీ మొదటి వాయిదా కట్టినప్పటి నుంచే అసలు తగ్గుతూ వస్తుంది కదా, వడ్డీ మాత్రం చివరి నెల దాకా పూర్తి లక్ష మీదే వసూలవుతుంది. తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే ఈ అప్పు నిజానికి ఏడాదికి దాదాపు 18 శాతం వడ్డీది. అందుకే ఫ్లాట్ 10 శాతాన్నీ, మామూలు 12 శాతాన్నీ పక్కపక్కన పెట్టి మొదటిదే చౌక అనుకోకండి. మీ అప్పు ఏ రకమో తెలియకపోతే ఇచ్చినవాళ్ళనే అడగండి: "తగ్గుతున్న బాకీ మీద ఏడాదికి ఎంత పడుతోంది?" అని. అడగడానికి మొహమాటపడాల్సిన పనేమీ లేదు, కట్టేది మీరు.

నెలనెలా లెక్క

పద్ధతి రెండు అడుగులే. ఈ నెల బాకీకి ఈ నెల వడ్డీ కలపండి, అందులోంచి కట్టింది తీసేయండి. మిగిలింది వచ్చే నెల బాకీ. సున్నా వచ్చే దాకా కింద కింద రాసుకుంటూ పొండి. ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ వాడితే పది నిమిషాల పని, పుస్తకం మీదైతే ఒక సాయంత్రం. మొదటిసారి చేత్తో రాయమనే చెబుతాను. అంకె నెలనెలా తగ్గడం మీ చేతి కిందే జరిగితే అది మనసులో నిలబడుతుంది.

ఒక ఊహాజంటను తీసుకుందాం. ఆమె జీతం నెలకు 40 వేలు, అతని జీతం 60 వేలు. అప్పులన్నీ ఆమెవి, ఇద్దరూ కలవక ముందువి. కార్డు మీద 60 వేలు, నెలకు 3 శాతం. పర్సనల్ లోన్ లక్షా 20 వేలు, నెలకు 1.25 శాతం, వాయిదా 5 వేలు. స్నేహితురాలి దగ్గర తీసుకున్న చేబదులు 20 వేలు, వడ్డీ లేదు, నెలకు వెయ్యి ఇస్తానని మాట.

కార్డు ఒక్కటే చూడండి. నెలకు 3 వేలు కడితే చాలని స్టేట్‌మెంట్ చెబుతుంది అనుకుందాం. మొదటి నెల వడ్డీయే 1,800. అంటే 3 వేలలో అసలుకు వెళ్ళింది 1,200. అలా నెలకు 3 వేలే కడుతూ పోతే 31 నెలలు పడుతుంది, వడ్డీకే దాదాపు 33 వేలు పోతాయి. అదే నెలకు 9 వేలు కడితే? మొదటి నెల చివర 52,800, రెండో నెల 45,384, మూడో నెల 37,745. ఎనిమిదో నెలలో అయిపోతుంది, వడ్డీ 8 వేల లోపే. అదే బాకీ, అదే వడ్డీ రేటు, కట్టే మొత్తం మాత్రమే మారింది. ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది: ఆ నెలల్లో కార్డు మీద కొత్తగా ఏమీ కొనకూడదు. కొంటే పై అంకెలేవీ నిలవవు.

మరి ఆ 9 వేలు ఎక్కడి నుంచి వస్తాయి? ఇక్కడే ఇది ఇద్దరి లెక్క అవుతుంది.

ఖర్చుల వాటా, అప్పు తేదీ

వీళ్ళిద్దరి ఉమ్మడి ఖర్చు నెలకు 50 వేలు అనుకుందాం. చెరి సగం అనుకుంటే ఆమె వాటా 25 వేలు. మిగిలిన 15 వేలలో సొంత ఖర్చులకు 5 వేలు పోతే అప్పులకు 10 వేలు మిగులుతాయి. లోన్ వాయిదా, చేబదులు పోను కార్డుకు దక్కేది 4 వేలు. ఒక అప్పు తీరగానే దాని డబ్బు తర్వాతి అప్పుకు మళ్ళిస్తూ నెలనెలా రాసుకుంటూ వెళితే కార్డు తీరేది 21వ నెలలో, అన్ని అప్పులూ తీరేది 25వ నెలలో. మొత్తం వడ్డీ 43 వేలు దాటుతుంది.

చెరి సగం చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కానీ 40 వేలు తెచ్చే మనిషికి 25 వేలంటే జీతంలో సగం కన్నా ఎక్కువ, 60 వేలు తెచ్చే మనిషికి సగం కన్నా తక్కువ. ఇప్పుడు ఆదాయాన్ని బట్టి పంచి చూడండి. అతను 30 వేలు, ఆమె 20 వేలు. ఆమెకు అప్పుల కోసం 15 వేలు మిగులుతాయి, కార్డుకు 9 వేలు వెళతాయి. ఎనిమిదో నెలలో కార్డు, తొమ్మిదో నెలలో చేబదులు, పదిహేనో నెలలో లోన్ తీరిపోతాయి. మొత్తం వడ్డీ సుమారు 23,500. అంటే పది నెలలు ముందు, 20 వేలు తక్కువ.

దీనికి అతను పెట్టింది నెలకు 5 వేల చొప్పున 15 నెలలకు 75 వేలు. అది చిన్న మొత్తం కాదు, చిన్నదన్నట్టు మాట్లాడటం అతన్ని అగౌరవపరచడమే. అందుకే ఆ 75 వేలు ఏమిటో మొదటి నెలకు ముందే ఇద్దరూ తేల్చుకోవాలి. ఇష్టంగా ఇచ్చిందా? తర్వాత ఆమె ఎక్కువ వాటా పెట్టి సర్దుబాటు చేయాల్సిందా? ఏదైనా పర్వాలేదు. తేల్చుకోకుండా వదిలేస్తే మాత్రం అది ఎప్పుడో ఒక గొడవలో బయటికొస్తుంది, అప్పటికి ఇద్దరికీ వేర్వేరుగా గుర్తుంటుంది. నాలుగు వాక్యాలు రాసుకుని ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. రాసుకోవడం అంటే అపనమ్మకం కాదు, ఇవాళ ఇచ్చిపుచ్చుకున్న మాటను కాపాడుకోవడం.

తోడుగా ఉన్న మనిషి నేరుగా అప్పు కట్టేయడం కన్నా ఖర్చుల్లో ఎక్కువ వాటా మోయడమే నాకు నచ్చుతుంది. అప్పు తీర్చే అలవాటు అప్పు చేసిన మనిషి చేతిలోనే ఉంటుంది. తీరిపోయిన రోజు "నేను తీర్చుకున్నాను" అనగలగడం ఆ మనిషికి చాలా పెద్ద విషయం. ఇద్దరూ ఎప్పటినుంచో ఒకే ఖాతాతో బతుకుతుంటే, పిల్లలు కూడా ఉంటే, నీ అప్పు నా అప్పు అనే గీతకు పెద్ద అర్థం ఉండదు. అప్పుడు కలిసే తీర్చండి.

ముందు ఏది తీర్చాలి

లెక్క ప్రకారం వడ్డీ ఎక్కువున్నది ముందు. అన్నిటికీ తప్పనిసరి మొత్తం కడుతూ, మిగిలిన ప్రతి పైసా దానికే. అది తీరాక ఆ డబ్బంతా తర్వాతి దానికి. చిన్న బాకీ ముందు తీర్చే పద్ధతి కూడా ఉంది. వడ్డీ కొంచెం ఎక్కువ పడుతుంది కానీ ఒక ఖాతా మూతపడటం చూస్తే ఉత్సాహం వస్తుంది. ఇది ఉత్తి ఊహ కాదు. డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ 2012లో ప్రచురించిన పరిశోధనలో, ఖాతాలు ఒక్కొక్కటిగా మూసుకుంటూ వచ్చినవాళ్ళు మొత్తం అప్పు నుంచి బయటపడే అవకాశం ఎక్కువని తేలింది.

నేను వడ్డీ వైపే మొగ్గుతాను, ఒక మినహాయింపుతో. పై ఉదాహరణలో కార్డు తర్వాత చేబదులు తీర్చేశాం. వడ్డీ లేని అప్పు కాబట్టి లెక్క ప్రకారం అది చివర్లో రావాలి. అలా చేస్తే ఇంకో 700 దాకా మిగిలేవి. కానీ స్నేహితురాలి ముందు తల దించుకోకుండా నిలబడటానికి ఆ 700 ఎక్కువేం కాదు. ఇచ్చినవాళ్ళు మీ భాగస్వామి తరఫు బంధువులైతే ఇది ఇంకా నిజం. మీ ఇద్దరి మధ్య ఏ అప్పు ఎక్కువ టెన్షన్ పెడుతోందో అడిగి తెలుసుకోండి. మీరు అనుకున్నదీ వాళ్ళు చెప్పేదీ ఒకటే కాకపోవచ్చు.

అప్పుండగా పొదుపు చేయాలా?

రెండు రకాల పొదుపును వేరుగా చూడాలి. ఆపద కోసం పెట్టుకునేది ముందే ఉండాలి, కనీసం ఒక నెల అత్యవసర ఖర్చులకు సరిపడా. అది లేకపోతే ఒక్క ఆసుపత్రి బిల్లు చాలు, తీర్చిన కార్డు మళ్ళీ నిండిపోతుంది. ఆ నిధి పోగయ్యే దాకా అప్పులకు తప్పనిసరి మొత్తాలే కట్టినా నేను తప్పు పట్టను.

ఇంటి కోసం, పెళ్ళి కోసం చేసే పొదుపు వేరు. 6 శాతం వచ్చే చోట 10 వేలు దాస్తే ఏడాదికి 600 వస్తాయి. అదే 10 వేలు కార్డు మీద బాకీగా ఉంటే 3,600 పోతాయి. దాచుకున్నామన్న సంతోషానికి ఏడాదికి 3 వేలు కడుతున్నట్టు. కార్డు లాంటి పెద్ద వడ్డీలు తీరేవరకు ఆ పొదుపు ఆపేయండి. పై జంటకు 16వ నెల నుంచి నెలకు 15 వేలు ఖాళీ అవుతాయి. ఏడాది తిరిగేసరికి వడ్డీ కలపకుండానే లక్షా 80 వేలు. వాళ్ళ భవిష్యత్తు తేదీలు ఆ అంకె మీద నిలబడాలి.

సంతకాల దగ్గర జాగ్రత్త

అప్పు చౌక అవుతుందని దాన్ని భాగస్వామి పేరు మీదికి మార్చాలన్న ఆలోచన, హామీ సంతకం పెట్టించాలన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. హామీ ఉన్న మనిషి, తీసుకున్నవాళ్ళు కట్టకపోతే తనే కట్టాల్సి వస్తుంది. ఇద్దరూ విడిపోయినంత మాత్రాన ఆ సంతకం చెరిగిపోదు. ప్రేమకు పరీక్షగా సంతకం అడగకండి, ఎవరైనా అలా అడిగితే వెంటనే ఒప్పుకోకండి. అప్పులన్నీ కలిపి ఒకే పెద్ద లోన్‌గా మార్చుకునేటప్పుడు కూడా వాయిదా తగ్గిందని మురిసిపోకుండా, మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో చూడండి. గడువు పెంచితే వాయిదా తగ్గుతుంది, వడ్డీ మాత్రం పెరుగుతూ పోతుంది. పాత లోన్ ముందే మూసేస్తే రుసుము ఉందేమో కూడా అడగండి.

ఈ వారం పని

మీ అప్పులకు మూడు వరసలు రాయండి. మొదటిది, ఇప్పుడు కడుతున్నంతే కడితే తీరే నెల. రెండోది, ఖర్చులు ఆదాయాన్ని బట్టి పంచుకుంటే తీరే నెల. మూడోది, మీ ఇద్దరికీ తోచిన ఒక మార్పుతో తీరే నెల. ఒక అద్దె గది వదులుకోవడం కావచ్చు, వాడని వస్తువు అమ్మడం కావచ్చు. లెక్క అప్పున్న మనిషి చేసి, భాగస్వామి సరిచూడాలి. సరిచూసేవాళ్ళకు ఒకే ఒక్క నియమం: ఆ రోజు అంకెల గురించే మాట్లాడాలి, అప్పు ఎందుకు చేశావన్న ప్రశ్న ఎత్తకూడదు. ఆ ప్రశ్న ముఖ్యమైనదే, దానికి వేరే రోజు పెట్టుకోండి.

మూడింటిలో ఒక వరస ఎంచుకుని, అప్పు తీరే నెలను పేరుతో సహా, ఏడాదితో సహా ఇద్దరికీ కనిపించే చోట రాయండి. నాలుగో పాఠంలో ఆ నెల నుంచి మొదలుపెట్టి ముందుకు లెక్కిస్తాం. జీతం నెలనెలా ఒకేలా రాని వాళ్ళు ఆ పాఠానికి గత ఆరు నెలల ఆదాయం విడివిడిగా రాసి తెచ్చుకోండి, వాళ్ళ పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది.