చైనాలో టీ దుకాణానికి వెళ్లే విదేశీయులకు

చైనాలో ఆకు టీ అమ్మే చిన్న దుకాణంలో అడుగుపెట్టగానే కెటిల్, నీరు ఇంకే చిల్లుల పళ్లెం, గుక్కెడు పట్టే గిన్నెలు అమర్చిన బల్ల ఒకటి కనిపిస్తుంది. అక్కడ కూర్చుని రుచి చూసి, ఆ తరువాత కొనడం ఆనవాయితీ. యజమాని కూర్చోమంటే మొహమాటపడనక్కరలేదు, ఎందుకంటే రుచి చూపినందుకు సాధారణంగా డబ్బు తీసుకోరు. బీజింగ్‌లోని మాలియన్‌దావ్ వీధి, గ్వాంగ్‌జౌలోని ఫాంగ్‌త్సున్ మార్కెట్ వంటి చోట్ల ఇలాంటి దుకాణాలు వరుసగా ఉంటాయి. అయితే పర్యాటక స్థలాల్లో ఎవరో అపరిచితులు ఇంగ్లీషులో పలకరించి, టీ వేడుక చూద్దాం రమ్మని వెంట తీసుకువెళితే మాత్రం వెళ్లకండి; చివరికి భారీ బిల్లు చేతిలో పెట్టే మోసం అది. దుకాణాన్ని మీరే ఎంచుకోండి.

ఏం కావాలో చెప్పేటప్పుడు పేర్లతో జాగ్రత్తగా ఉండాలి. మనం బ్లాక్ టీ అనేదాన్ని చైనీయులు హోంగ్‌చా, అంటే ఎర్ర టీ, అంటారు. వాళ్ల మాటల్లో హేయ్‌చా, అంటే నల్ల టీ, నిల్వ ఉంచి పులియబెట్టిన వేరే రకం. వీటితోపాటు ఆకుపచ్చ, తెలుపు, పసుపు, ఊలాంగ్ (ఆకుపచ్చ టీకి, ఎర్ర టీకి మధ్యరకం) కలిపి మొత్తం 6 తరగతులు. ఒకే రోజు అన్నీ రుచి చూడాలనుకుంటే నాలుక మొద్దుబారుతుంది కనుక, ఒక తరగతిని ఎంచుకుని, అందులో రెండు మూడు ధరల ఆకును పక్కపక్కనే కాచి చూపించమని అడగడం మేలని నా అనుభవం.

ముందుగా పొడి ఆకును వాసన చూడమని ఇస్తారు. ఊలాంగ్, పుఎర్ (నిల్వ ఉంచి తాగే ఒక టీ రకం) వంటివాటికి మొదటి నీళ్లు పోసి వెంటనే పారబోస్తారు. అది ఆకును తడిపి విప్పడానికి చేసే పని, దానిని తాగాలని ఆశించవద్దు. తరువాత మూత ఉన్న గైవాన్ గిన్నెలో కొద్దిసేపే నానబెట్టి, రుచి అందరికీ సమంగా రావడానికి ముందు ఒక జగ్గులోకి వంచి, అక్కడి నుంచి మీ గిన్నెలో పోస్తారు. గిన్నెను నిండా నింపకపోవడం లోభం కాదు, మర్యాద. పోసినప్పుడు రెండు వేళ్లతో బల్ల మీద మెల్లగా తట్టితే అది కృతజ్ఞత చెప్పినట్లే, ముఖ్యంగా దక్షిణ చైనాలో. పాలు, పంచదార అడగకండి. మంచి ఊలాంగ్ ఆకు ఆరేడు సార్లు రుచినిస్తుంది. కాబట్టి మొదటి గుక్కకే తీర్పు చెప్పక, అదే ఆకుకు నాలుగోసారి నీళ్లు పోసినప్పుడు తీపి మిగిలిందా, చేదు మాత్రమే మిగిలిందా అని గమనించండి. నాణ్యత అక్కడ బయటపడుతుంది.

ధర విషయంలో విదేశీయులు ఎక్కువగా పొరబడేది కొలత దగ్గర. డబ్బా మీద రాసిన ధర సాధారణంగా ఒక జిన్‌కు, అంటే 500 గ్రాములకు. అందులో పదో వంతు, 50 గ్రాములు, ఒక లియాంగ్. చీటీ మీద 600 యువాన్లు ఉంటే ఒక లియాంగ్‌కు 60 అవుతుంది. పుఎర్ మాత్రం తరచూ 357 గ్రాముల బిళ్లగా అమ్ముతారు. ఎంత బరువుకు ఎంత డబ్బు అన్నది ఫోన్‌లో అంకెలు వేసి చూపించి ఖాయం చేసుకున్నాకే తూకం వేయించండి. బహుమతి పెట్టెలకు వేరే డబ్బు పడుతుంది కనుక, మామూలు సంచిలో కట్టమనండి. అలీపే లేదా వీచాట్ అనే ఫోన్ యాప్‌లో మీ అంతర్జాతీయ కార్డును ముందే జోడించుకుంటే చెల్లింపు సులభం.

ఆకుపచ్చ టీ కొంటే ఏ ఏడాది వసంతంలో కోసినదో అడగాలి. ఏప్రిల్ 5 ప్రాంతంలో వచ్చే ఛింగ్‌మింగ్ పండుగకు ముందు కోసిన లేత ఆకుకు ధర ఎక్కువ, పాతబడితే ఆ పరిమళం పోతుంది. నచ్చకపోతే కొనాలన్న నిర్బంధం లేదు. కానీ యజమాని గంటసేపు కూర్చుని నాలుగు రకాలు కాచి పోసిన తరువాత, అందులో నచ్చినదాన్ని ఒక్క లియాంగ్ అయినా కొనడం న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటికి చేరాక ఆకుపచ్చ టీని గాలి, వెలుతురు, వంటింటి వాసనలు తగలకుండా మూసి ఉంచి, ఆ ఏడాదిలోనే తాగేయండి.