ఆర్ కొత్త వెర్షన్‌కి మారుతున్నారా? ప్యాకేజీల ఫోల్డర్ మాత్రం కాపీ చేయకండి

శ్రీకాకుళంలో పీజీ, పీహెచ్‌డీ పిల్లలకి ఆర్ (డేటా లెక్కలకీ గ్రాఫులకీ వాడే ప్రోగ్రామింగ్ భాష) నేర్పుతుంటాను. ఏటా ఏప్రిల్ ప్రాంతంలో ఆర్ కొత్త వెర్షన్ వస్తుంది, మే వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. "మాస్టారూ, అప్‌గ్రేడ్ చేశానండి, ప్యాకేజీలన్నీ పోయాయండి." పోలేదు. ఆ ప్యాకేజీలు (ఆర్‌కి మనం అదనంగా తగిలించుకునే పనిముట్లు) ఎక్కడివి అక్కడే ఉన్నాయి, కొత్త ఆర్ వాటి వైపు చూడటం లేదు, అంతే.

వెర్షన్ నంబరులో మూడు అంకెలుంటాయి కదా. చివరిది మారితే, అంటే 4.4.1 నుంచి 4.4.2కి వెళ్తే టెన్షన్ అక్కర్లేదు, ఉన్న ప్యాకేజీలే పనిచేస్తాయి. మధ్య అంకె మారి 4.4 కాస్తా 4.5 అయితే మాత్రం ఆర్ కొత్త లైబ్రరీ ఫోల్డర్ తెరుస్తుంది. విండోస్‌లో ఒకప్పుడు అది డాక్యుమెంట్స్‌లో ఉండేది, 4.2 నుంచి యాప్‌డేటా లోపలికి వెళ్లింది, యాప్‌డేటా మామూలుగా కనిపించదు కాబట్టి జనం కంగారు పడుతున్నారు.

కావాల్సినవి: నెట్, రెండు గంటల టైమ్, ఆదివారం ఉదయం. రాత్రి పూట మొదలుపెట్టొద్దు. నెల రోజుల్లో థీసిస్ ఇవ్వాల్సి ఉంటే అసలు చేయొద్దు. పాత ఆర్‌ని తీసేయకండి, విండోస్‌లో రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ముందుగా పాత ఆర్‌లోనే జాబితా తీయండి. ఇన్‌స్టాల్డ్ డాట్ ప్యాకేజెస్ ఫంక్షన్‌కి ఫీల్డ్స్ దగ్గర రిపోజిటరీ (ప్యాకేజీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది) అని ఇచ్చి, వచ్చినదాన్ని రైట్ డాట్ సీఎస్‌వీతో ఫైల్‌గా రాసుకోండి. ప్రయారిటీ కాలమ్‌లో బేస్ అనో రికమెండెడ్ అనో ఉన్నవి కొట్టేయండి, అవి 29, ఆర్‌తో పాటే వస్తాయి. మిగిలినవాటిలో మీరు స్క్రిప్టుల్లో పేరు పెట్టి పిలిచేవే ఉంచండి. వాటికి కావాల్సిన తోడు ప్యాకేజీలు వాటంతటవే వస్తాయి.

ఆ తర్వాత కొత్త ఆర్ వేయండి, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టడమే. ఆర్‌స్టూడియో (ఆర్ కోడ్ రాసి నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే ఆర్ అప్‌డేట్ అయినట్టు కాదు, అది వేరు, ఇది వేరు. టూల్స్, గ్లోబల్ ఆప్షన్స్‌లోకి వెళ్లి అది కొత్త ఆర్‌నే వాడుతోందో లేదో చూడండి.

ఇప్పుడు అందరూ బోల్తా పడే చోటు. దయచేసి నెమ్మదిగా చదవండి.

పాత ఫోల్డర్‌లో ఉన్నదంతా కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసేస్తే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అయినట్టే కనిపిస్తుంది కూడా. ప్యాకేజీలో ఉత్త ఆర్ కోడే ఉంటే నడిచిపోతుంది, కానీ చాలావాటి లోపల సీ, సీప్లస్‌ప్లస్ కోడ్ పాత ఆర్ కోసం కంపైల్ అయి ఉంటుంది. లోడ్ చేసినప్పుడు ఆర్ ఏ వార్నింగూ ఇవ్వదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి పాలకొండ మండలాల మ్యాపు వేస్తోంది (2022 ఏప్రిల్‌లో పాలకొండ మన జిల్లా నుంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది కదా, పాత సరిహద్దులన్నీ మళ్లీ గీయాల్సి వచ్చింది). రాత్రంతా పెన్‌డ్రైవ్‌లోంచి ఫోల్డర్ కాపీ చేసుకుంది. పొద్దున్న లైబ్రరీ లైన్లన్నీ చక్కగా నడిచాయి, సరిగ్గా సరిహద్దులు కలిపే లైను దగ్గర ఆర్‌స్టూడియో మధ్యలో బాంబు బొమ్మ వచ్చి సెషన్ ఆగిపోయింది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే లైను, అదే బొమ్మ. తన కోడ్‌లో తప్పేమిటా అని రెండు రోజులు వెతుక్కుంది పాపం. తప్పు కోడ్‌లో లేదు.

కాపీ చేస్తే ఇంకో నష్టం ఉంది, చచ్చిపోయిన ప్యాకేజీలు బతికున్నట్టే కనిపిస్తాయి. మ్యాపులకి వాడే ఆర్‌జిడాల్, ఆర్‌జియోస్, మ్యాప్‌టూల్స్ 2023 అక్టోబరులో క్రాన్ (ఆర్ ప్యాకేజీల అధికారిక భండారం) నుంచి వెళ్లిపోయాయి, వాటి బదులు ఎస్‌ఎఫ్, టెర్రా వాడాలి. జాబితా పట్టుకుని కొత్తగా వేసుకునేవాళ్లకి ఆ సంగతి ఆ రోజే తెలుస్తుంది. ఆర్‌ని అప్‌గ్రేడ్ చేసిపెట్టే ఇన్‌స్టాల్ఆర్ లాంటివి ప్యాకేజీలను కూడా తామే తెచ్చిపెడతాయి నిజమే, కానీ అవి చేసేది కూడా ముందు కాపీ, తర్వాత అప్‌డేట్. నేను వాడను, మీరూ వాడొద్దు.

కాబట్టి కొత్త ఆర్‌లో ముందు డాట్ లిబ్‌పాత్స్ (పి పెద్దక్షరం) కొట్టి, ఆర్ ఏ ఫోల్డర్లలో ప్యాకేజీలు వెతుకుతోందో చూడండి. మొదటి దారి చివర 4.5 ఉండాలి. 4.4 కనిపిస్తే ఎప్పుడో ఎవరో డాట్ ఆర్‌ఎన్విరాన్ అనే సెట్టింగ్స్ ఫైల్లో ఆర్ లిబ్స్ యూజర్ అని దారి రాసేసి ఉంటారు. ఆ లైను తీసేసి ఆర్‌ని మూసి తెరవండి. ఇది చూడకుండా ఇన్‌స్టాల్ మొదలుపెడితే కొత్తవి పాతవాటి మీద పడి రెండు వెర్షన్లూ పాడవుతాయి.

తర్వాత జాబితాను ఇన్‌స్టాల్ డాట్ ప్యాకేజెస్‌కి ఇవ్వండి. ఊళ్లో నెట్ నెమ్మదైతే ముందు ఆప్షన్స్‌లో టైమౌట్ 600 పెట్టండి, మామూలుగా అది 60 సెకన్లే, పెద్ద ప్యాకేజీ సగంలో తెగిపోతుంది. సోర్స్ నుంచి కంపైల్ చేయమంటారా అని అడిగితే నో అనండి. ఎస్ అనాలంటే ఆ వెర్షన్‌కి సరిపడే ఆర్‌టూల్స్ (కంపైల్ చేసే పనిముట్లు) ఉండాలి, 4.5కి 45, 4.4కి 44.

జాబితాలో రిపోజిటరీ దగ్గర క్రాన్ అని లేనివి పక్కన పెట్టండి. గిట్‌హబ్‌వి గిట్‌హబ్ నుంచే తెచ్చుకోవాలి. బయోకండక్టర్‌వి (అది జీవశాస్త్ర ప్యాకేజీల భండారం) బయోక్‌మేనేజర్‌తోనే వేయాలి, ఎందుకంటే బయోకండక్టర్ ఒక్కో వెర్షన్ ఒక్కో ఆర్ వెర్షన్‌కి ముడిపడి ఉంటుంది.

ఇంత శ్రమ ఎందుకు, పాతదే వాడుకుంటాం అంటారా? విండోస్‌లో 4.2కి ముందు తెలుగు ఊళ్ల పేర్లు ప్రింట్ చేస్తే "శ" బదులు యూ ప్లస్ 0సి36 అని కోడ్ కనిపించేది. 4.2 నుంచి కొత్త విండోస్‌లో యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలనీ రాసే పద్ధతి) వచ్చింది, ఇప్పుడు శ్రీకాకుళం శ్రీకాకుళంలాగే కనిపిస్తుంది. నాకైతే ఆ ఒక్కటి చాలు.

చివరగా సెట్‌డిఫ్‌తో పాత జాబితాకీ కొత్తదానికీ తేడా చూడండి, మిగిలినవి ఒక్కొక్కటే వేసుకోండి. తర్వాత మీ పాత స్క్రిప్టు ఒకటి రెండు వెర్షన్లలోనూ నడిపి, ఒకే టేబుల్‌ని పక్కపక్కన పెట్టి అంకె అంకె పోల్చండి. అన్నీ కలిసినా పాత ఫోల్డర్‌ని మూడు నెలలపాటు ముట్టుకోకండి.