ఒంగోలు గిత్త అలంకరణ – 3వ పాఠం: కొమ్ములు, గిట్టలు

కిందటి పాఠంలో కుంకుడు రసంతో ఒళ్లు కడగడం నేర్చుకున్నాం. గంగడోలు (మెడ కింద వేలాడే చర్మం) మడతల్లో నురగ మిగలకుండా నీళ్లు పోయడం ఈపాటికి మీ చేతికి అలవాటై ఉంటుంది. అయితే ఒళ్లు తెల్లబడేకొద్దీ కొమ్ముల మీది మట్టి, గిట్టల మీది పేడ మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఒంగోలు జాతి అందమంతా తెల్లని ఒంటికి నల్లని మూతి, కనురెప్పలు, గిట్టలు, తోక కుచ్చు తెచ్చే పొందికలో ఉంది. ఆ నలుపు సహజంగా మెరవాలి. రంగు పూయకండి.

ముందు కొమ్ము మొదలును గుప్పిట పట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. లోపల ఎముక ఉంది, అందులో రక్తం పారుతోంది. పైనున్న తొడుగు మాత్రమే మన గోరు వంటిది. మన పని ఆ తొడుగు పైపొరతోనే.

గాజు పెంకుతో కొమ్ము గీకే పద్ధతి ఉంది. నేను దాన్ని నేర్పను. గిత్త ఒక్కసారి తల విదిలిస్తే పెంకు ఎక్కడ దిగుతుందో చెప్పలేం, కన్ను పక్కనే ఉంటుంది. ఉప్పుకాగితం చాలు. ముందు ముతకది, తరువాత నున్ననిది. కొమ్ము మొదలు దగ్గర రెండు వేళ్ల మేర వదిలి, కొన వైపుగా ఒకే దిశలో రుద్దండి. మధ్యమధ్య తడిగుడ్డతో తుడిచి చూసుకోండి. గరుకు పోగానే ఆపేయాలి. కొన చెక్కి వాడి చేయవద్దు. పొట్టిగా, మొదలు దగ్గర లావుగా, పక్కలకూ వెనక్కూ తిరిగిన కొమ్మే ఈ జాతి లక్షణం. చివరగా నాలుగు చుక్కల ఆముదం రాసి పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. నూనె మిగిలితే దుమ్ము పట్టి అరగంటలో బూడిదరంగుకు తిరుగుతుంది.

నలుపు కోసం వాడేసిన ఇంజను నూనె పూయడం ప్రమాదం. పశువు నాకుతుంది, అది కడుపులోకి పోతుంది.

గిట్టల పని పశు ప్రదర్శనకు కనీసం రెండు వారాల ముందే ముగించాలి. ఒకసారి నేను ముందురోజు ఆకురాయి (అరగదీసే పనిముట్టు) పట్టాను. గిట్ట కాస్త ఎక్కువ అరిగింది. మర్నాడు బరిలో ఆ గిత్త ముందుకాలు ఆనించలేక నిలబడిన తీరు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అప్పటినుంచి అంచున పెరిగిన గోరును మాత్రమే కొద్దికొద్దిగా అరగదీస్తాను. అరికాలు మెత్తబడినా, గులాబీ రంగు కనిపించినా ఆ క్షణమే ఆపండి. గిట్టల చీలికలో ఇరుక్కున్న రాళ్లను, పేడను మొద్దు పుల్లతో తీసి కడగండి. పుండు గానీ దుర్వాసన గానీ ఉంటే అలంకరణ పక్కనపెట్టి పశువైద్యుణ్ని పిలవండి.

కాలు ఎత్తనివ్వని గిత్తను పడవేసి కట్టేయాల్సి వస్తుంది, అది దానికీ మనకూ బాధే. అందుకే ఈ వారం అభ్యాసం ఇది: రోజూ మేత వేసే ముందు, భుజం నుంచి కిందికి నిమురుతూ వచ్చి, ఒక్కో కాలు ఎత్తి పది లెక్కపెట్టి దించండి. నాలుగు కాళ్లూ నిబ్బరంగా ఇచ్చాకే ఆకురాయి తీయండి. వచ్చే పాఠంలో తోక కుచ్చు, ముకుతాడు పట్టి నడిపించడం.