కారులో ఏసీ వేస్తే ఎడమ సీటు దగ్గర నీళ్లు, నాకు ఎలా ఆగిందంటే

చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. ఏసీ వేసి కాసేపు తిరిగితే చాలు ముందు ఎడమ సీటు దగ్గర మ్యాట్ తడిసి ముద్దయ్యేది, మలుపు తిరిగితే డ్యాష్‌బోర్డు లోపల నీళ్లు కదిలే చప్పుడు. డోర్ రబ్బర్లు, అద్దం సీలు, గ్యాస్ చెకింగ్ అన్నీ అయ్యాయి, ఏదీ కాదు.

అసలు విషయం ఏంటంటే ఏసీ ఆన్‌లో ఉన్నా బండి కింద ఒక్క చుక్క పడట్లేదు. మన ఉక్కపోతకి కూలింగ్ కాయిల్ మీద పట్టే చెమ్మ బయటికి కారాలి కదా, కారట్లేదంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టే.

బండిని ర్యాంప్ ఎక్కించి, ఇంజిన్ ఆపి, గేర్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకి అడ్డు పెట్టి, చల్లారేదాకా ఆగా (జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు బాబూ). ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడకి కింద వైపు చిన్న రబ్బరు పైపు కనిపించింది. గడ్డి కోసే మిషన్ నైలాన్ తీగ ముక్క అందులో పెట్టి మెల్లగా తిప్పుతూ పైకి తోశా, ఇనుప తీగ మాత్రం వద్దు, కాయిల్‌కి చిల్లు పడితే ఖర్చు వేరే లెవెల్. మొదట నల్ల బురద, వెంటనే నీళ్లు బుస్సున వచ్చాయి, మొహం పక్కకి పెట్టుకోండి. తర్వాత కార్పెట్ ఎత్తి కింద ఫోమ్ కూడా ఎండబెట్టా, లేకపోతే కంపు పోదు.

అన్ని బళ్లకీ ఇదే అని చెప్పలేను, పైపు చోటు కూడా మోడల్‌ని బట్టి మారుతుంది. నీళ్లు జిడ్డుగా, రంగుగా, తియ్యటి వాసనతో ఉంటే అది హీటర్ నుంచి కారే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం), దానికి ఇది పనిచేయదు. వానకి మాత్రమే తడుస్తుంటే వైపర్ల కింద నీళ్లు పోయే దారికి ఆకులు అడ్డుపడ్డాయేమో చూడండి.